మంగమ్మగారి బొటనవేలు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది జూన్‌లో నన్ను మదురై నుంచి రాజపాళయంలోని ఒక నరాల క్లినిక్‌కు సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. అప్పటిదాకా నా పని మెదడు తరంగాలను కాగితం మీద నమోదు చేయడం. ఇక్కడ అప్పగించింది మెదడును బయటినుంచే తట్టే యంత్రం. ఎనిమిది అంకెలా ఉండే తీగచుట్టను తలకు ఆనిస్తే, క్షణకాలపు అయస్కాంత తాకిడి పుర్రె దాటి లోపలికి పోతుంది. కోత లేదు, మత్తుమందు లేదు.

మొదటి రోగుల్లో మంగమ్మగారు ఒకరు. స్పిన్నింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. మతిమరుపు మొదలై, కూతురు సరోజను రెండుసార్లు తన చెల్లెలి పేరుతో పిలిచారట. ఈ చికిత్స జబ్బును నయం చేయదని, ముదరకుండా కొంతకాలం ఆపుతుందేమో చూద్దామని క్లినిక్ డాక్టరమ్మ ముందే చెప్పారు.

"నా బిడ్డ పేరు నా నోట్లో ఉంటే సాలమ్మా. మిగతాది పోతే పోనీ," అన్నారు మంగమ్మగారు.

మొదటి రోజు చేసేది చికిత్స కాదు, కొలత. ఎంత తక్కువ తాకిడికి బొటనవేలు కదులుతుందో చూసి మోతాదు నిర్ణయిస్తాం. కమ్మలు తీయించి, చెవుల్లో బిరడాలు పెట్టి, తలకు ఎడమవైపు చుట్ట ఆనించాను. టిక్కుమని చప్పుడైంది. ఒళ్లో ఉన్న ఆమె కుడి బొటనవేలు దానంతటదే చూపుడువేలిని తాకింది.

ఆమె చాలాసేపు ఆ చేతినే చూశారు. "నేను సెప్పకనే ఇది నూలు అతుకుతా ఉంది సార్. తెగిన నూలు ఇట్లానే అతికినాము," అన్నారు. ఆపైన మిల్లులో తన పక్కన నిలబడినవాళ్ల పేర్లు వరసగా చెప్పుకుపోయారు.

"ఈ పేర్లు నేనే విన్నది లేదు," అంది సరోజ.

నేను ఆశ్చర్యపోయి, వెంటనే ఫైల్లో 'జ్ఞాపకశక్తి మెరుగు' అని రాశాను. డాక్టరమ్మ ఆ మాట కొట్టేశారు. చికిత్స ఇంకా మొదలే కాలేదని, ఈ జబ్బులో పాత సంగతులు ఎక్కువకాలం మిగులుతాయని, పేర్లను లేపింది ఆమె చెయ్యేనని అన్నారు.

వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు వారాలు చికిత్స జరిగింది. ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అడగడం మా పరీక్ష. మొదట్లో ఆమెకు రెండు గుర్తున్నాయి. ఆరు నెలల తర్వాత కొత్త మాటలతో అడిగితే అప్పుడూ రెండే. నేను నిరాశపడ్డాను. తగ్గలేదు కదా, అన్నారు డాక్టరమ్మ.

బయటికి వెళ్తూ మంగమ్మగారు, "సరోజా, నా సెప్పులు యాడ పెట్టినావు?" అన్నారు. సరోజ వంగి చెప్పులు తీసి ఆమె కాళ్ల ముందు పెట్టింది.

బిడ్డ పేరు నోట్లో నిలవడం యంత్రం పుణ్యమేనా అంటే ఒక్క రోగిని చూసి చెప్పలేం. ఆనాటి నుంచి రిటైరయ్యేదాకా నేను కళ్లారా చూసింది ఒక చోట, అనుకున్నది మరోచోట రాశాను. ఈ పనిలో ఆశ్చర్యపోవడానికి రోజూ ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని ఫలితాల గడిలో రాయకూడదు.