విమానాన్ని ఆపబోయిన చెయ్యి

మా మేనమామ పోయిండన్న కబురు నాకు మొదలు ఇనబడనే లేదు. దాజీ పేట్ల మా కార్ఖానాల బట్ట నేసే సాంచలన్ని ఒక్కసారి మోగుతుంటే ఎవ్వల మాట ఎవ్వలకు ఇనబడుతది? మామ కొడుకు దర్వాజల నిలవడి పెదవులు ఆడిచ్చిండు. నేను నూలు కండెలు చుట్టుడు ఆపకుంటనే "ఏంది?" అన్న. వాడు దగ్గరికొచ్చి నా చెవుల అరిచిండు.

"వదినా, బాపు పోయిండే!"

గసుంటి మాటను అరిచి చెప్పాల్సి వచ్చింది పిలగానికి. గది నాకు ఇప్పటికీ బాధనే.

మామ మా కార్ఖానాల సాంచలు నడిపేటోడు. సన్నటి మనిషి. చెవులల్ల దూది పెట్టుకొమ్మంటే "చెవులు మూస్కుంటే సాంచను ఎట్ల చూడాలె?" అనెటోడు. ఆరు సాంచల నడుమ తంబాకు నలుపుకుంట నిలవడెటోడు. వెనుక సాంచ చప్పుడు రవ్వంత మారినా సరే, మొకం తిప్పకుంటనే చెయ్యి సాంచ ఆపే హ్యాండిల్ మీదికి వోయేది. "ముందుగాల ఆపు, తర్వాత అడుగు." కొత్తగ పనికొచ్చినోళ్లకు ఆయన నేర్పిన సదువు గంతే. పోగు తెగిందా, పోగు మోసే నాడె ఇరికిందా, అదంత తర్వాత ముచ్చట.

మీకు నా జడ సంగతి చెప్పాలె. పెండ్లయిన కొత్తల నాకు నడుము దాటిన జడ ఉండె. ఓ రోజు కింద వడ్డ కండె కోసం వంగితే జడ వోయి సాంచను తిప్పే పట్టాల ఇరికింది. తల గుంజుకపోతాంది. నోరు రాలే, వచ్చినా ఎవ్వలకు ఇనబడాలె? మామ అటు తిరిగి ఎవ్వలతోనో మాట్లాడుతుండు. పట్టా చప్పుడు జెర బరువైనట్టుంది, గంతే, ఆయన చెయ్యి వోయింది, సాంచ ఆగింది. జడ సగం వోయింది, తల మిగిలింది. ఆయన ఒక్క మాట తిట్టలే. కత్తెర తెచ్చి ఇరికిన జడ కోసి నా చేతుల పెట్టి, "రేపటి సంది ముడి ఏస్కొని రా బిడ్డా" అన్నడు. నేను నెల్రోజులు ఆ జడ కోసమే ఏడ్చిన. గంత తెలివిగలదాన్ని!

నాలుగేండ్ల కింద మా కార్ఖాన సావుకారు ఢిల్లీల చద్దర్ల ప్రదర్శనకు మామను ఎంబడి తీస్కపోయిండు. వచ్చేటప్పుడు ముంబై దాక విమానం. వానకాలం. బెల్టు కట్టుకొమ్మంటే కట్టుకున్నడట. జెర సేపటికి విమానం వణుకుడు మొదలువెట్టింది. అందరు దేవునికి మొక్కుతుంటే మామకేమో కమ్మగ నిద్ర వచ్చింది. పుట్టి బుద్ధెరిగినకాడి సంది సాంచల వణుకుల్నే బతికిన మనిషాయె. కడుపు ఒత్తుకుంటుందని బెల్టు ఇప్పేసి కండ్లు మూసిండు. మబ్బులల్ల విమానం ఒక్కసారి దభేల్మని కిందికి జారింది. చప్పుడు మారింది. మామ నిద్రల్నే దిగ్గున లేచి నిలవడి కుడిచెయ్యి చాపిండు, హ్యాండిల్ కోసం.

విమానం మళ్ల జారింది. కూసున్నోళ్లను బెల్టు పట్టుకున్నది. మామను ఎవ్వలు పట్టుకోవాలె? తల వోయి మీది కప్పుకు కొట్టుకున్నది. అక్కడికెల్లి వచ్చి సీటు అంచు మీద భుజంతోని వడ్డడు.

ఇంటికొచ్చినంక నేను చూడవోతే మెడకు పట్టీ ఉన్నది. తన ముచ్చట చెప్పలే. "విమానంల చాయ్ ఇచ్చే పిల్ల కాలు ఇరిగింది బిడ్డా. పాపం, ఆమెది నిలవడి చేసే పనాయె" అన్నడు. తర్వాత ఇంకో మాట అన్నడు. "సాంచ చప్పుడు నాకు తెలుసు. విమానం చప్పుడు గూడ తెలుసనుకున్న. గదే నా తప్పు."

మెడ బాగైంది, భుజం గాలే. కుడిచెయ్యి చాపరాకపాయె, వేళ్లల్ల పట్టు లేకపాయె. హ్యాండిల్ పట్టరాని మనిషికి సాంచలు ఎవ్వలిస్తరు? కార్ఖాన వాకిట్ల కుర్చీ ఏసి కావలి కూసోవెట్టిన్రు. లోపట చప్పుడు మారినప్పుడల్ల ఆయన ఎడమచెయ్యి ఒడిల్నే కదిలేది.

ఇగ నా పాపం చెప్త. ఈ ముచ్చటను నవ్వులాట చేసింది నేనే. నల్లా కాడ, బీడీలు చుట్టే ఆడోళ్ల కాడ, "మా మామంటే ఏమనుకున్నరు, విమానాన్నే ఆపవోయిండు!" అని లేచి చెయ్యి చాపి చూపెట్టేదాన్ని. అందరు కడుపు పట్టుకొని నవ్వేటోళ్లు. ఓ రోజు గట్లనే చూపెడుతుంటే నవ్వులు ఆగినయి. తిరిగి చూస్తే మామ. నా చెయ్యి ఇంక చాపే ఉన్నది. ఆయన నా సిగముడి దిక్కు ఓసారి చూసి, "గట్ల గాదు బిడ్డా. హ్యాండిల్ జెర కిందికి ఉంటది" అని నా చెయ్యి సరిచేసి పోయిండు.

ఇంటికి వోయి ముడి ఇప్పుతుంటే సమజైంది. నా తల కాపాడిన చెయ్యి, విమానంల లేచిన చెయ్యి ఒక్కటే. గా చెయ్యినే నేను పేటంత నవ్వులపాలు చేసిన. మాఫీ అడగాలె అనుకున్న. రేపు అడుగుత, పండుగెల్లినంక అడుగుత అనుకుంటనే ఉన్న. ఆయన వాకిట్లనే కూసుండె, నేను రోజు ఆయన ముంగటికెల్లే లోపటికి వోతుంటి. ఏం రోగమొచ్చె నాకు, ఒక్క మాట అడగనీకి?

మా కార్ఖానాల పనిచేసిన మనిషి పోతే, పాడె కార్ఖాన ముంగటికెల్లి పోయేటప్పుడు సాంచలు ఆపుతరు. మామ నడిపిన ఆరు సాంచలు నేను ఆపుత అన్న. ఎవ్వలు వద్దనలే. పాడె గల్లి మొదట్లకు రాంగనే ఒక్కొక్కటి ఆపుకుంట పోయిన. మిగిలినయి గూడ ఆగినయి. గసుంటి చప్పుడు లేని కార్ఖానాను నేను ఎన్నడు చూడలే. పాడె మోసేటోళ్ల అడుగుల చప్పుడు గూడ లోపటికి ఇనబడ్డది.

"మాఫ్ చెయ్యి మామా" అన్న. అరవాల్సిన పని లేకపాయె.

పాడె మలుపు తిరిగిందాక నా చెయ్యి ఆఖరి హ్యాండిల్ మీదనే ఉన్నది. జెర కిందికి, ఆయన చూపెట్టిన కాడ.