ఓవర్సీరప్ప అన్న ‘ఏమో’

నా పేరు సుంకులమ్మ. వయసు డెబ్బై దాటింది. నందికొట్కూరు పక్క పల్లెలో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటాను. నాకు అక్షరమ్ముక్క రాదు. నేను చెప్తాంటే బడి అయ్యవారు రాస్తాండాడు. మా పక్కింటి ఓవర్సీరప్ప పోయిన వారం జ్వరంతో కాలం చేసినాడు. ఆయన మాటను ఊరు తిరగేసి చెప్పుకుంటాంది. అందుకే ఇది రాయిస్తాండా.

కాలువ పనుల్లో ఓవర్సీరుగా చేసి, కర్నూలు రాజధాని అయిన ఏటనే కొలువు చాలించి వచ్చిన మనిషి. ఎవరింటికి పోయినా కూర్చునే ముందు పైకి చూసేవాడు. చేతికర్రతో దూలాన్ని తట్టి చెవి ఒగ్గేవాడు.

“ఏమప్పా, మా ఇంట్ల కూరకంటే ముందు మిద్దె రుచి చూస్తావా?” అని ఎగతాళి చేసేదాన్ని.

“నీ కూర ఉప్పైతే నీళ్లు తాగుతానక్కా. దూలం విరిగితే ఏం తాగేది?”

మా బడిది మట్టిమిద్దె. కారినప్పుడల్లా పాతమన్ను తీయకుండానే పైన ఇంకో పొర చౌడుమన్ను పోయడం మావాళ్లకు అలవాటు. తాతలు పోసిన మన్ను గూడా ఆడనే ఉండాది. ఎండాకాలంలో దూలానికి పగులు కనబడితే మా ఊరిపెద్ద రెడ్డి ఆయన్ను పిలిపించినాడు.

“పడుతుందా, పడదా? ఒక్క మాట చెప్పు.”

“ఏమో” అన్నాడు. ఇంత చదివి ఏమోనా అని అందరూ నవ్వినారు.

“లోపల చెదలెంత తినిందో నాకు కనపడదు. పైన మన్నెంత మందముందో మీకు గుర్తులేదు. ఈసారి వానెంతో ఎవరికీ తెలీదు. నిలుస్తాదని ఎట్ల చెప్పేది? దూలం సత్తువ మన చేతిలో లేదు, బరువన్నా మన చేతిలో ఉండాది గదా. మన్ను దించండి. అందాక పిల్లోళ్లను బయట కూర్చోబెట్టండి” అన్నాడు.

పగులుకు అడ్డంగా ఇంత సున్నం మెత్తినాడు. దూలం కదిలితే మొదలు ఆ సున్నమే చీలుతాదంట. దినామూ పొద్దున్నే పోయి చూసొచ్చేవాడు. జ్వరంలో గూడా “సున్నం చూసినావా అక్కా?” అనే అడిగినాడు.

ఆయన దివసాలు గూడా కాలేదు. మన్ను అట్లే ఉండాది. “పడుతుందని ఓవర్సీరే చెప్పలేదు గదా, వానలొస్తాండాయి, పిల్లోళ్లను లోపలికి తోలండి” అంటాడు రెడ్డి. నా మనవరాలు కూర్చునేది ఆ దూలం కిందే.

అయ్యవారు రాసేది ఆపి, “రెడ్డి మాట గూడా రాయాల్నా అమ్మా?” అంటాండాడు. రాయప్పా, రాయి. ఆ దూలం నీ నెత్తిన గూడా ఉండాది.

ఆయన బతికినన్నాళ్లూ ఆ ‘ఏమో’ అంటే నాకు విసుగు. ఇప్పుడు నా ఇంట్లోనే కర్ర దూలాన్ని తట్టినట్టు టక్, టక్ అని వినబడుతాంది. తలెత్తితే ఎవరూ ఉండరు. తలెత్తడం మాత్రం నాకు అబ్బింది.

ఈ పొద్దున బడికి పోయి చూస్తే, సున్నం మీద వెంట్రుకంత గీత. రెడ్డిని పిలిచి చూపించినా. “ఎండకు చీలింటాదిలే” అని పోయినాడు.

ఎండకో, దూలానికో. ఏమో. అందుకే బడి గడపకు అడ్డంగా చాప వేసుకున్నా. మన్ను దించేదాకా నన్ను దాటి ఒక్క బిడ్డ లోపలికి పోదు. ఈ మాటలు ఈడ కూర్చునే చెప్తాండా. నా వెనక బడి ఖాళీగా ఉండాది. పగులు కింద ఆయన కర్ర ఆనించి నిలబడే చోట, నేలమీద సున్నం పొడి సన్నంగా రాలుతాంది.

సుంకులమ్మ నిశాని, ఎడమచేతి బొటనవేలు.
చూసినవాళ్లు: వడ్ల రామాచారి, దూదేకుల మాబమ్మ.