మా ఇంటికి మాటలు తెచ్చిన ఆయా

మొన్న మంగళవారం పొద్దున పాలు పోసే ఆమె గేటు దగ్గరే ఆగిపోయి, “మేస్టారూ, ఆయా ఎల్లిపోనాది” అంది. మా ప్రహరీగోడకు అవతలి ఇంట్లో ఉండే అంగన్‌వాడీ ఆయా. ఇరవై రోజుల కిందట ఆమెకు కాలూ చెయ్యీ పడిపోయాయి. మాటా పోయింది. అనకాపల్లిలో ఇంతమందిమి పనికిమాలిన మాటలు మాట్లాడుతూ తిరుగుతుంటే, మాట పోవడానికి ఆమే దొరికింది.

ఈ ఊళ్ళో బెల్లం వ్యాపారి పోతే కూడలికో ఫ్లెక్సీ కడతారు. కాలేజీ లెక్చరర్ పోతే సంతాపసభ పెడతారు. బతికుండగా ఆయన్ని తిట్టినవాళ్ళే మైకు పట్టుకుంటారు. నేనూ పట్టుకున్నాను. ఆయాకు ఎవరూ సభ పెట్టరు. అందుకని ఇది రాస్తున్నాను.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. మా మనవరాలికి అప్పుడు రెండేళ్ళు. కొడుకూ కోడలూ పొద్దున్నే రైలెక్కి విశాఖపట్నం ఉద్యోగాలకు పోయేవారు. పిల్ల మా దగ్గర ఉండేది. ఊళ్ళో కొత్తగా పెట్టిన ఒక కాన్వెంటుకు సీటు సంగతి కనుక్కోవడానికి వెళ్తే, అక్కడి ప్రిన్సిపాల్, “ఇప్పటినుంచే ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి. ఈ పల్లె యాస అంటుకుంటే వదలదు” అన్నాడు. ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. ఆ మాట నా చెవులకు కమ్మగా ఉంది.

మా ఆవిడది మాడుగుల దగ్గర పల్లె. కాకితో, పిల్లితో, పొయ్యి మీద గిన్నెతో కూడా మాట్లాడే మనిషి. ఆమెను పిలిచి, పిల్ల దగ్గర ఆ ‘ఏటి, గీటి’ వద్దన్నాను. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు మూడు మాటలు. కమ్, సిట్, మిల్క్. మూడు మాటలతో మనవరాలితో ఏం మాట్లాడుతుంది? మూగదానిలా అన్నం తినిపించేది, మూగదానిలా జడ వేసేది. సాయంత్రం నేను బొమ్మల కార్డులు చూపించి గంటసేపు పాఠం చెప్పేవాణ్ణి. మిగతా వేళంతా పడక్కుర్చీలో పుస్తకం. ఇల్లు క్రమశిక్షణతో ఉందని సంతోషించాను కూడా.

పిల్లకు మూడేళ్ళు నిండాయి. ఒక్క మాట రాలేదు. మొదట్లో ఊ కొట్టేది, అరిచేది. రాను రాను అదీ మానేసింది. విశాఖపట్నంలో చూపిస్తే చెవులు బాగానే ఉన్నాయన్నారు. ఇంట్లో మాటలే లేవని మేము చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. సలహా చెప్పిన కాన్వెంటే సీటివ్వనంది. నా పాత స్నేహితుడొకడు, పెద్ద చదువరి, కాఫీ తాగుతూ, “లోపం పుట్టుకలోనే ఉంటుందోయ్” అని తేల్చేశాడు. జూన్‌లో పిల్లను మాటలు రాని పిల్లల హాస్టల్లో వేద్దామని కొడుకు ఫారాలు తెచ్చాడు. రెండు నెలలు టైముంది.

ఆ వారమే ఆయా గోడమీంచి మా ఆవిణ్ణి కేకేసింది.

“మేస్టారమ్మా, గుంటని నాకాడికి అంపండి. మద్దినేల దాకా ఆడుకుంటాది.”

నేను లేచి, “దానికి మాటలు రావు” అన్నాను.

“మీ ఇంట్లో మాటలేవి మేస్టారూ, దానికి రాడానికి? గోడకి ఇటుపక్క నానున్నాను కదేటి, రోజూ సెవొగ్గి ఇంతన్నాను. తాలింపు సప్పుడు తప్ప ఇంకేటీ ఇనబడదు.”

అక్షరం రాని మనిషి నన్ను అలా అన్నందుకు కోపం వచ్చింది. పిల్లను మా ఆవిడ పంపింది, నన్నడగకుండానే.

నాలుగో రోజు తప్పు పట్టుకుందామనే అంగన్‌వాడీకి వెళ్ళాను. ఆయా అరుగుమీద బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా మా పిల్ల. ఆయా ఒక గింజ వేళ్ళతో ఎత్తి, “ఇది రాయా, బియ్యమా? సెప్పు తల్లీ” అని అడిగింది. అడిగి ఆగింది. నేను ముప్ఫై రెండేళ్ళలో ఏ పిల్లవాడి జవాబు కోసమూ అంతసేపు ఆగలేదు. చాలాసేపటికి పిల్ల చెయ్యి చాచి, ఏరిన రాళ్ళ కుప్పను ముట్టుకుంది. “రాయి! సెప్పీసింది నా తల్లి!” అని ఆయా చంకలు గుద్దుకుంది.

“చెప్పలేదు, ముట్టుకుంది” అన్నాను.

“ముట్టుకున్నా సెప్పినట్టే మేస్టారూ. మనం ఇన్నామని ముందు దానికి తెలియాల. అప్పుడు నోరిప్పుతాది.”

పసిబిడ్డ పిలుపుకు బదులు రాకపోతే పిలవడం మానేస్తుందని నేను ఎన్ని పుస్తకాల్లో చదవలేదు! చదివాను, పెన్సిలుతో కింద గీత గీశాను, పేజీ తిప్పాను. మునగపాక చెరుకు చేలల్లో పెరిగి, నలుగురు తమ్ముళ్ళను చంకనేసుకుని పెంచిన మనిషికి ఆ పేజీ అక్కర్లేకపోయింది.

మే నెలాఖరులో ఒక మధ్యాహ్నం పుస్తకంలో ఉన్నాను. పిల్ల వచ్చి పేజీ మీద అరచెయ్యి పెట్టి, నా మొహంలోకి చూసి, “ఏటి?” అంది. నేను వద్దన్న మాటే. వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చి పిల్లను ఎత్తుకుని, “పుస్తకమే అమ్మా, మీ తాత పుస్తకం, రోజూ అదే తింతాడు” అని మొదలుపెట్టి, సంవత్సరం పైగా దాచుకున్నదంతా ఒక్కసారి మాట్లాడింది. మధ్యలో నా వైపు తిరిగి, “మీ ఇంగ్లీసు మీరు దాసుకోండి” అంది.

హాస్టలు ఫారాలు మా ఆవిడ పొయ్యిలో పెట్టింది.

రెండేళ్ళకు ఆ కాన్వెంటే పిల్లను చేర్చుకుంది. వార్షికోత్సవంలో మా పిల్లకు వక్తృత్వంలో బహుమతి ఇస్తూ, ఇంట్లో ఇంగ్లీషు వాతావరణం ఉండబట్టే ఇది సాధ్యమైందని ప్రిన్సిపాల్ స్టేజీ మీద నన్ను పొగిడాడు. ముందు వరసలో కూర్చుని నమస్కారం పెట్టాను. ఆయాను పిలవాలని కూడా నాకు తోచలేదు. మర్నాడు ఆమే గోడ దగ్గరికొచ్చి, “ఏటి సెప్పిందేటి మా గుంట? బెదిరిపోలేదు కదా?” అని అడిగింది. బాగా చెప్పిందన్నాను. ఎవరివల్ల చెప్పిందో ఆ రోజు అనలేదు, తర్వాతా అనలేదు. ఆమె బతికుండగా ఆ ఒక్క మాట నాకు రాలేదు.

మొన్న పాలామె చెప్పగానే పిల్ల స్కూలు యూనిఫాంతోనే గోడవతలికి పరుగెత్తింది. మేమూ వెళ్ళాం. వాకిట్లో ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని, మాటలు కట్టి ఏడుస్తున్నారు. పిల్ల వాళ్ళ మధ్య చోటు చేసుకుని, ఆయా కాళ్ళ మీద పడి, “నన్నొగ్గీసి ఎల్లిపోనావేటే ఆయా, నానెవరికి సెప్పుకోవాలే” అని గొంతెత్తింది. కోడలు సిగ్గుపడి లేపబోయింది. మా ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుని, “ఏడవనీ” అంది.

నేను గడప బయట నిలబడ్డాను. నాకు ఆ ఏడుపు రాదు. లోపల రాగం పెరిగింది. కాసేపటికి ఆ గొంతుల్లో మా పిల్ల గొంతు ఏదో నేను పోల్చుకోలేకపోయాను.