నేను మూసిన రంధ్రం

నా కూతురి కూతురు మట్టి ట్రాకుల మీద బండి నడుపుతుంది. చిన్న మోటార్ సైకిల్, మిడతలా పొడుగు కాళ్లు. దాని ఇంజిన్‌ను చల్లగా ఉంచేది రేడియేటర్‌లో పోసే ఆకుపచ్చని కూలెంట్. రోజూ పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, పుల్లతో మట్టం కొలిచి డైరీలో రాయడం నా పని. అడిగి మరీ పుచ్చుకున్నాను. పట్టణ నీటి సరఫరాలో ముప్పై ఏళ్లు పైపుల లీకులు వెతికినవాణ్ణి, చేతులు ఊరికే ఉండలేవు.

ఆ ఆదివారం కేసముద్రం దగ్గర ఆమె మొదటి పోటీ. ఏడాదిగా దానికోసమే తయారవుతోంది. బుధవారం సాయంత్రం మాత్రం ప్రాక్టీసు నుంచి బండిని తోసుకుంటూ వచ్చింది.

"మళ్ల వేడెక్కింది తాతా. ఆయిల్ సూడు, చాయ్ లెక్కనే అయింది."

ఇంజిన్ పక్కనున్న చిన్న అద్దంలోంచి చూస్తే ఆయిల్ నిజంగానే పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉంది. కూలెంట్ వెళ్లి అందులో కలుస్తోందన్నమాట.

మర్నాడు నర్సంపేట రోడ్డులో ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. మెకానిక్‌దీ నాదీ ఒకే ఈడు, ఇరవై ఏళ్ల పరిచయం. ఆయన ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాడు.

"హెడ్ గాస్కెట్ పోయినట్టున్నది సార్, ఇంజిన్ తలకూ ఒంటికీ నడుమ ఉండే రేకు. ఇంజిన్ ఇప్పాలె. సామాను హైదరాబాద్ నుంచి రావాలె. వారం పడ్తది."

"ఆదివారం పోటీ ఉన్నది చాచా," అంది మనవరాలు.

"నీ పోటీ సంగతి ఇంజిన్‌కు తెల్వదు గద బిడ్డా. గిట్లనే నడిపితే జామైతది."

ఆమె హెల్మెట్ పట్టీని విప్పుతూ, బిగిస్తూ నిలబడింది. అది చూశాక నేను డైరీ తీశాను.

"ఇప్పకు భాయ్. ముందు ఒక్కొక్కటి సూద్దాం."

"సార్, పైపులు వేరు, ఇంజిన్ వేరు."

"కారుడు ఎక్కడైనా కారుడే."

ఇంజిన్ చల్లారే ఉంది. మూత తీసి స్టార్ట్ చేయించాను. గాస్కెట్ పోతే లోపలి గాలి రేడియేటర్‌లోకి బుడగలై రావాలి. ఒక్కటీ రాలేదు. సైలెన్సర్‌లో తెల్ల పొగ లేదు. తర్వాత ఆయన చేతిపంపుతో రేడియేటర్‌లోకి గాలి కొట్టాడు. దాని మీటరు ముల్లు మెల్లగా దిగుతోంది, అంటే లీకు ఉంది. స్పార్క్ ప్లగ్ విప్పి టార్చి వేస్తే లోపల తడి లేదు. ఒక్కో పరీక్షా ముగియగానే రాసుకుంటూ పోయాను.

"గాస్కెట్ కాకపోతే కూలెంటూ ఆయిలూ ఇంకెక్కడ కలుస్తయి?" అని అడిగాను.

"నీళ్ల పంపు కాడ. ఆడ కూలెంట్‌ను ఆపనీకి ఒకటి, ఆయిల్‌ను ఆపనీకి ఒకటి, రెండు రబ్బరు సీళ్లుంటయి, వాటి నడుమ బయటికో రంధ్రం. సీలు పోతే అందులకెల్లి కారాలె. మనకు తెల్వాలెననే కంపెనీ అది పెడ్తది. మరి ఆడ పొడిగనే ఉన్నది గద."

రంధ్రం అనగానే డైరీలో మూడు వారాలు వెనక్కి తిప్పాను. నా అక్షరాలే. 'పంపు కింద సన్న రంధ్రం. రెండు చుక్కలు. లీకులకు పెట్టే ముద్దతో మూశాను. సరి.' ఆఫీసులో లీకు మూసిన ప్రతిసారీ చివర అలా 'సరి' రాయడం అలవాటు.

ఆ పేజీ ఇంకెవరూ చూడలేదు. చూపించకుండా ఉండిపోవచ్చు. కానీ ఇంజిన్ విప్పితే ఆదివారం పోతుంది. ఇద్దరికీ వినబడేలా చదివాను.

మెకానిక్ నన్ను చూసి నవ్వాడు. "బయటికి పోయే తొవ్వ మూసేస్తే కూలెంటు ఆయిల్ల పడ్డది. ముప్పై ఏండ్లు మూసుడే నేర్చుకున్నరు సార్."

"అంటే మూడు వారాల సంది ఇంజిన్‌కు చాయ్ పోసింది నువ్వేనా తాతా," అంది మనవరాలు. నవ్వలేదు. అయితే హెల్మెట్ బల్ల మీద పెట్టి, స్పానర్ అందుకుంది.

బండి కింద పడుకుని ఆ ముద్దను సూదితో నేనే తవ్వాను. గట్టిగా పట్టింది, బాగానే మూశాను మరి. చివరి పెచ్చు ఊడగానే ఆయన మళ్లీ గాలి కొట్టాడు. ఆకుపచ్చని చుక్క ఒకటి నా నుదుటి మీద పడింది.

ఆ సీళ్లు వరంగల్‌లోనే దొరికాయి. శుక్రవారం మార్చాం. పాత ఆయిల్ రంగు పోయేదాకా రెండుసార్లు కొత్తది పోసి, నడిపి, తీశాం. శనివారం పొద్దున గాలి కొడితే ముల్లు కదలలేదు. పావుగంట దాని ముందే కూర్చున్నాను.

ఆదివారం పోటీ ముగిసి ఆమె బండి ఆపగానే నేను మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని పంపు కింద వేలు పెట్టాను.

"ఎన్నో నంబరొచ్చిన్నో అడగవా తాతా?"

"ఆగు బిడ్డా. పొడిగున్నది. ఇప్పుడు చెప్పు."

"పదకొండు. మధ్యల ఆగింది మాత్రం లేదు."

బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించాక ముందు సీట్లో కూర్చుని రాసుకున్నాను: 'పదకొండో స్థానం. ఆయిల్ శుభ్రం. రంధ్రం పొడి, తెరిచే ఉంది.' చివర 'సరి' రాయలేదు. రేపు పొద్దున మళ్లీ చూడాలి.