అక్క పట్టుకున్న తాడు

మా బావతో అడవిలో నడిచి వెళ్ళినవాళ్ళందరూ ఆఫీసులో ఒకే మాట చెప్పి వెళ్ళేవారు. "మీ గైడు గారు భలే క్రమశిక్షణ గల మనిషండీ, నడుస్తున్నంతసేపూ నోరెత్తనివ్వలేదు" అని. అది విన్నప్పుడల్లా నాకు నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది. క్రమశిక్షణా పాడా! ఆయనకి చెవులు వినపడవు. వెనకనుంచి ఎవరైనా ఏదైనా అడిగితే దొరికిపోతానని పెట్టుకున్న రూలది. ఏదైనా చెప్పాలంటే ఆగాలి, ఆయన భుజం తట్టాలి, మొహంలోకి చూస్తూ చెప్పాలి. "అడవికి మనమిచ్చే మర్యాద ఇది" అని ఆయన గంభీరంగా అంటే, వచ్చినవాళ్ళు బుద్ధిగా తలలూపి బూట్లు బిగించుకునేవారు. పెదాలు చూసి మాట పోల్చుకుంటున్నాడని ఒక్కడికీ అనుమానం రాలేదు.

నేను వ్యాను డ్రైవర్ని. ఆయన మా అక్క మొగుడు. మా ఇద్దరికీ పని ఇచ్చింది ఓనరమ్మ. రెండు గదుల ఆఫీసు, గోడల నిండా జలపాతాల ఫోటోలు, తిరిగినప్పుడల్లా కటకటలాడే ఫ్యాను. ఆవిడ దగ్గర గుంపుల బేరం లేదు. ఒక కుటుంబానికి ఒక రోజు, ఒక గైడు, మూడు జలపాతాలు, దారిలో ఇంకెవరూ ఎదురు రారు. నేను వాళ్ళని తారురోడ్డు అయిపోయే చోట దింపి, సాయంత్రం దాకా వ్యాన్లో జలగలు వదిలించుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆ అడవిలో వాన లేని రోజు ఉండదు. సీటు కవర్లకి బూజు, నా చెప్పులకి బూజు, చివరికి నా మాటకి కూడా బూజు పట్టిందని మా అక్క అంటుంది.

బావ మొదట్లో కలప కోసేవాడు. చెట్లు కొట్టడం ప్రభుత్వం ఆపేసేదాకా ఆయన పెళ్ళికి ముందూ పెళ్ళి తర్వాతా చేసిన పని అదే. మోటారు రంపం భుజానికెత్తుకుని పొద్దున వెళితే చీకటి పడ్డాక ఇంటికి వచ్చేవాడు. చెవుల్లో పెట్టుకోవడానికి దూది కూడా ఇచ్చినవాడు లేడు. ఇంటికొచ్చాక కూడా చెవిలో రంపం ఆడుతున్నట్టే ఉందని నవ్వుతూ చెప్పేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. రంపం పని పోయాక ఓనరమ్మ పిలిచి గైడు పని ఇచ్చింది. ఏ కొమ్మ వెనక ఏముందో ఆయనకంటే తెలిసినవాడు ఎవడున్నాడు? కొట్టిన చెట్ల మొద్దుల దగ్గర మాత్రం ఆగేవాడు కాదు, తల వంచుకుని గబగబా నడిచిపోయేవాడు.

చెవులు ఒక్కరోజులో పోలేదు. ముందు సన్నగా కూసే పిట్టలు పోయాయి. తర్వాత ఫోను మోగడం. ఒకరోజు మా అక్క బజారునుంచి వచ్చేసరికి స్నానాలగదిలో బకెట్టు పొంగి, నీళ్ళు వంటింటి దాకా వచ్చేశాయట. ఈయన కుళాయికి వీపు పెట్టుకుని గుమ్మంలో కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు. అక్క కుళాయి కట్టేసి, గుడ్డ తెచ్చి నేల తుడిచింది. ఆ సాయంత్రం నన్ను పక్కకి పిలిచి, "ఒరేయ్, మీ బావకి నీళ్ళ చప్పుడు కూడా వినపడటం లేదురా" అంది. అప్పుడు నాకు మూడో జలపాతం గుర్తొచ్చింది. ఎందుకో చెబుతాను.

మొదటి రెండు జలపాతాలకి మామూలు దారి ఉంది. మూడోది అలా కాదు. అటూ ఇటూ నిలువెత్తు రాతిగోడలు, మధ్యలో సన్నటి సందు, ఆ సందులో పారే వాగులోంచే నడవాలి. లోపలికి దారీ వాగే, బయటికి దారీ వాగే. లోపల మడుగు, దానిమీదికి దూకే నీళ్ళు, పైన చారెడు ఆకాశం. మనుషులు అక్కడ నిలబడి ఏడ్చేసేవారట, అంత బాగుంటుందట. కానీ పైన కొండమీద వాన కురిస్తే కింద ఎండ కాస్తుండగానే వాగు పొంగుతుంది. నీళ్ళకంటే ముందు చప్పుడొస్తుంది. గైడన్నవాడు సందు మొదట్లో ఆగి ఆ చప్పుడు కోసం వినాలి, లోపల ఉన్నంతసేపూ వింటూనే ఉండాలి. ఆ చెవే లేకపోతే అక్కడికి మనుషుల్ని తీసుకెళ్ళడం వాళ్ళ ప్రాణాలతో చెలగాటమే.

"మానెయ్ బావా" అన్నాను మొహంలో మొహం పెట్టి.

ఆయన కోప్పడలేదు. "మానేసి ఏం చెయ్యనురా? ఇంట్లో కూర్చుంటే టీవీ వినపడదు, మీ అక్క మాట వినపడదు, వచ్చినవాళ్ళు నవ్వితే ఎందుకు నవ్వారో తెలీదు. ఇంట్లోనే నేను చెవిటివాణ్ణి. అడవిలో ఎవరూ నాతో మాట్లాడక్కర్లేదు. అక్కడ నేను బానే ఉంటాను" అన్నాడు.

దానికి సమాధానం మా అక్క చెప్పింది. మర్నాడే ఓనరమ్మ దగ్గరికి వెళ్ళి, అన్నం మూటలు మోయడానికి నేనూ వస్తానంది. అప్పట్నుంచి నడక మొదట్లో బావ, చివర్లో అక్క, మధ్యలో వచ్చినవాళ్ళు. జారకుండా పట్టుకోవడానికని అందరికీ ఒకటే పొడుగాటి నైలాన్ తాడు. దాని ఒక కొస బావ నడుముకి, రెండో కొస అక్క చేతిలో. అక్క ఒకసారి లాగితే ఆగాలి. రెండుసార్లు లాగితే వెనక్కి రావాలి. అంతే. విన్నది ఆవిడ, నడిపింది ఆయన.

"అక్కా, ఇంట్లో ఎలాగూ తాడు కట్టి ఆడిస్తున్నావు, అడవిలో కూడానా?" అని నేను వెక్కిరించేవాణ్ణి. అక్క చేతికందింది నామీద విసిరేది. బావకి విషయం అర్థం కాకపోయినా తనూ నవ్వేవాడు. అలా కొన్నేళ్ళు గడిచాయి. ఆ రోజుల్లో వాళ్ళిద్దరూ పెళ్ళైన కొత్తలో కంటే దగ్గరగా ఉన్నారని నాకనిపించేది. సాయంత్రం బురద కాళ్ళతో వచ్చి వ్యానెక్కి, ఒకరి భుజంమీద ఒకరు తల పెట్టుకుని నిద్రపోయేవారు. అద్దంలో చూసి నేను మెల్లగా నడిపేవాణ్ణి.

తర్వాత అక్క మోకాలు వాచింది. కొండ ఎక్కడం మాట మరిచిపొమ్మని డాక్టరు తేల్చి చెప్పేశాడు. అక్క బావ ఎదురుగా కూర్చుని, "ఇంక ఇద్దరం ఆపేద్దామండీ" అని ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఆయన సరేనన్నాడు. పైవారం ట్రిప్పు ఒప్పుకున్నాం కదా, అదొక్కటీ అయ్యాక చెబుదామన్నాడు.

"నేను లేకుండా మూడోదానికి వెళ్ళొద్దు" అంది అక్క.

"వెళ్ళను."

ట్రిప్పు రోజు పొద్దున, వచ్చినవాళ్ళు ఎక్కకముందే, వ్యాన్లో నేనూ అదే మాట అడిగాను. "కళ్ళు మూసుకుని నడుస్తానురా ఆ దారిలో" అన్నాడు.

"కావాల్సింది కళ్ళు కాదు బావా, చెవులు!" అన్నాను. ఆయన అప్పటికే కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఆ రోజు వచ్చినవాళ్ళు ఇద్దరు టైలర్లు, మొగుడూ పెళ్ళాం. పెళ్ళైనప్పట్నుంచీ ఒకే షాపులో పక్కపక్క మిషన్లమీద కుట్టుకుంటూ బతికినవాళ్ళు. వాళ్ళ జీవితంలో అదే మొదటి ప్రయాణమట. ఆవిడ దారి పొడుగునా నాకు కబుర్లు చెబుతూనే ఉంది. మూడో జలపాతం ఫోటో ఆఫీసు గోడమీద చూసినప్పట్నుంచీ ఆవిడకి అదే ధ్యాస. అక్కడికి తీసుకెళ్ళకపోతే ఆవిడ మొహం ఎంత చిన్నబోయేదో! బావ కాదనలేకపోయాడని నేను అనుకుంటాను. తనకి కూడా కడసారి చూడాలనిపించిందేమో. ఏదైతేనేం, తీసుకెళ్ళాడు.

మడుగు దగ్గర ఆయన టైలరు గారికి రాతిమీద గోరంత కప్పని చూపిస్తున్నాడట. ఆవిడ నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి ఆవిడకేదో వినపడింది. లేచి వచ్చి, రూలు ప్రకారం బావ భుజం తట్టి, మొహంలోకి చూసి, "గైడు గారూ, ఆ చప్పుడేంటండీ? మా షాపులో మిషన్లన్నీ ఒకేసారి తొక్కినట్టుంది" అంది.

బావ ఏం చెయ్యాలి? అందర్నీ బయటికి తోలాలి. ఏ గైడైనా చేసేది అదే. కానీ ఎన్నో ఏళ్ళుగా ఆయన వినపడని చప్పుళ్ళకి వినపడినట్టే సమాధానం చెబుతున్నాడు. ఏ పిట్టండీ అంటే, ఏ నెలలో ఏ కొమ్మమీద ఏది కూస్తుందో గుర్తు తెచ్చుకుని ఫలానా పిట్ట అనేవాడు. ఎప్పుడూ తప్పు పోలేదు. అదే అలవాటు నోటిదాకా వచ్చేసింది. "గాలమ్మా. ఈ వేళకి రాళ్ళ మధ్య గాలి తిరుగుతుంది" అన్నాడు, చిరునవ్వుతో. ఆవిడ నమ్మి మళ్ళీ కూర్చుంది.

నీళ్ళు టీ రంగుకి తిరగడం చూశాక బావకి అర్థమైంది. ఆవిణ్ణి ఎత్తి రాతిమీదికి తోసేశాడు. టైలరు గారు జారి పడ్డారు, వాగు ఆయన్ని సందువైపు ఈడ్చుకుపోయింది. బావ ఛాతీలోతు నీళ్ళల్లో దిగి, బండకి తాడు వేసి, ఆయన్ని జుట్టు పట్టుకుని లాగాడు. వాగు తగ్గేదాకా ముగ్గురూ ఆ రాతిని కరుచుకుని కూర్చున్నారు. తర్వాత కాలు విరిగిన మనిషిని వీపున వేసుకుని, మొత్తం దారి దిగి వచ్చాడు మా బావ. వ్యాను దగ్గర ఆయన్ని చూసి నేను గుర్తుపట్టలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి, రెండు చేతులూ చెక్కుకుపోయి ఉన్నాయి.

ఆస్పత్రి వరండాలో ఆవిడ నా పక్కన కూర్చుంది. తడి కొంగు పిండుకుంది. తర్వాత, "మీ గైడు గారికి వినపడదు కదా బాబూ?" అంది.

నేను తల దించుకున్నాను.

"మా ఆయన బతికి ఉన్నాడు. బతికించింది ఆయనే. నేనెవరికీ చెప్పనులే" అంది. చెప్పలేదు కూడా. గైడు గారు దేవుడిలా కాపాడారని ఓనరమ్మకి చెప్పి, దండం పెట్టి వెళ్ళింది. ఓనరమ్మ బావ ఫోటో కూడా గోడమీద పెట్టిస్తానంది.

అంటే ఏమీ కాలేదన్నమాట. బావ పని ఎక్కడికీ పోలేదు. పైగా పేరొచ్చింది. మా అక్కకి జరిగిందంతా నేనే చెప్పాను. అన్నం కలుపుతున్నదల్లా చెయ్యి ఆపేసింది. "గాలి అన్నాడా?" అని అడిగింది. "అవునక్కా" అన్నాను. కంచం పక్కకి జరిపి, గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆయన పక్కగదిలో చేతులకి మందు రాసుకుంటున్నాడు. గట్టిగానే ఏడ్చింది.

రెండ్రోజుల తర్వాత ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని నా వ్యానెక్కారు. ఓనరమ్మ మెచ్చుకోవడానికి పిలిచిందని బావ అనుకున్నాడు. తల దువ్వుకుని, చేతులకి కొత్త కట్లు కట్టుకుని, పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. నాకు విషయం తెలుసు.

ఆఫీసులో అక్క కూర్చోలేదు. బావకి ఒక అడుగు ముందు, ఆయనకి తన మొహం కనపడకుండా నిలబడింది. "అమ్మా, మా ఆయనకి చెవులు వినపడవు. ఇన్నాళ్ళూ నేను వెనక ఉండి నెట్టుకొచ్చాను. మొన్న వాళ్ళు చచ్చిపోయేవాళ్ళు. ఇంక ఈయన చేతికి మనుషుల్ని అప్పగించకండి" అంది.

ఓనరమ్మ బావవైపు తిరిగింది. "ఏమండీ, నిజమేనా?"

ఆ ఒక్క మాటా ఆవిడ పెదాలమీద చూశాడు మా బావ. అక్క తనని పొగిడిందనుకున్నాడు, పాపం. సిగ్గుపడుతూ, రెండు చేతులూ జోడించి, "నిజమేనమ్మా. అంతా ఆవిడ చెప్పినట్టే" అన్నాడు. ఓనరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నేను అక్కడ నిలబడలేక బయటికొచ్చేశాను.

వ్యాను టీకొట్టు ముందు ఉంది. బావ వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు, అక్క వెనక. "చూశావురా, ఓనరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది" అన్నాడు సంబరంగా. "ఇంతకీ మళ్ళీ ట్రిప్పు ఎప్పుడట?"

నేను స్టీరింగు పట్టుకుని రోడ్డువైపు చూస్తున్నాను. వెనకనుంచి అక్క ఏదో మెల్లగా అంది.

"ఆ?" అన్నాడు వెనక్కి తిరిగి.

అక్క మొహం చేతుల్లో దాచుకుని ఉంది. మళ్ళీ చెప్పింది. ఆయనకి పెదాలు కనపడలేదు. "ఏంటే? సరిగ్గా చెప్పు" అన్నాడు, ఇంకా నవ్వు మొహంతోనే.

అప్పుడు మా అక్క ముందుకి వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, గొంతు చించుకుని అరిచింది. "మీకు వినపడదని నేనే చెప్పేశానండీ! మీరింక అడవికి వెళ్ళరు!"

ఇన్నేళ్ళు గుట్టుగా దాచిన మాట వీధి వీధంతా విన్నది. టీకొట్టు దగ్గర గ్లాసులు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఉండి మావైపు తిరిగారు. బావ వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశాడు. తర్వాత ముందుకి తిరిగి, కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అంతలా అరవడమెందుకే" అన్నాడు. "వినపడింది."

నేను వ్యాను స్టార్ట్ చేశాను.