గుమ్మంలో తనిఖీ

క్వాంటం కంప్యూటర్ కోసం, వజ్రంలోని ఓ లోపం దగ్గర ఎలక్ట్రాన్ స్పిన్ ఎంతసేపు చెదరకుండా ఉంటుందో కొలవడం పెద్ద సైంటిస్టుగారి పని. దగ్గర్లో అయస్కాంతం కదిలితే దాని తపస్సు భగ్నమే. అందుకే ఆయన ల్యాబు గుమ్మంలో కాపుకాసి అందరి తాళంచెవులూ బెల్టులూ తీయించేవాడు. శిష్యురాలి తలపిన్నుల్నీ వదల్లేదు. అయినా కొలతలు పాడవుతుంటే, "తప్పంతా నీదే, వేరే పని చూసుకో" అని ఆమెను నలుగురిలో కడిగేశాడు. ఆయన జ్వరంతో రాని రోజున మాత్రం కొలత చక్కగా వచ్చింది. మర్నాడు ఆయన తెర ముందు కూర్చుని, అలవాటుగా కాలు ఊపగానే చెదిరిపోయింది.

"మాస్టారూ, మీ దగ్గరేమైనా ఉందా?" అంది శిష్యురాలు.

ఆయన ప్యాంటు పైకి లాగాడు. మోకాలికి, నొప్పులకని అమ్మే అయస్కాంతాల పట్టీ ఉంది. "మా ఆవిడక్కూడా తెలీదమ్మా. ఇవన్నీ బూటకమని పాఠాలు చెప్పినవాణ్ణి. పైగా నిన్ను అన్నేసి మాటలన్నాను."

ఆమె "నొప్పి తగ్గిందా?" అనడిగింది.

ఆయన తలెత్తలేదు. "కాస్త తగ్గిందమ్మా," అన్నాడు.