అయిదో చెయ్యి లేవలేదు

నాలుగు చేతులు లేచాయి. అయిదోది లేవలేదు. 1987 వేసవిలో, షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఒక స్కూలు భోజనశాల అది. పక్క బల్ల మీద పులిహోర ట్రేలకు ఇంకా మూతలు తీయలేదు. చెయ్యి ఎత్తనిది అయోవాలోని ఒక చిన్న ఊరి తరఫున వచ్చిన ఆవిడ. అసలు మేం అయిదు ఊళ్ళ తెలుగువాళ్ళకూ కలిపి ఈ ఉమ్మడి సంఘం పెట్టాలనుకున్నదే ఆవిడకు జరిగినది చూసి.

అంతకుముందు చలికాలంలో ఆవిడ భర్త పోయాడు. దహనానికి అతన్ని కాకినాడ తీసుకెళ్ళాలని ఆవిడ కోరిక. వాళ్ళ ఊళ్ళో తెలుగు కుటుంబాలు పట్టుమని పది లేవు. ఖర్చుకు సాయం అడుగుతూ మిగతా నాలుగు ఊళ్ళ తెలుగు సంఘాలకూ ఫోన్లు చేసింది. అందరూ బాధపడ్డారు. కమిటీలో పెట్టి చెబుతామన్నారు. కమిటీలు కూర్చునేలోగా దహనం ఇక్కడే అయిపోయింది.

ఆ తర్వాతే అయిదు ఊళ్ళకూ ఒక సంఘం, ఒక ఉమ్మడి నిధి ఉండాలన్న మాట వచ్చింది. అది అమెరికా రాజ్యాంగానికి రెండువందల ఏళ్ళు నిండిన సంవత్సరం. టీవీ పెడితే అదే. అధ్యక్షుడిగా కూర్చున్న డాక్టర్‌గారు, పదమూడు రాష్ట్రాలు కలవగా లేనిది అయిదు ఊళ్ళు కలవలేవా అని మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో పత్రికలో పనిచేసి వచ్చానని ముసాయిదా నన్ను రాయమన్నారు.

లైబ్రరీకి వెళ్ళి చదివాను. టీవీలో చెప్పనివి చాలా ఉన్నాయి. స్వాతంత్ర్య యుద్ధం గెలిచాక వీళ్ళ మొదటి ప్రభుత్వానికి పన్ను వేసే అధికారమే లేదు. సైనికుల జీతాలకు కూడా రాష్ట్రాలను అడగాలి. ఇస్తే ఇచ్చినట్టు. నిబంధన మార్చాలంటే పదమూడూ ఒప్పుకోవాలి. దిగుమతుల మీద సుంకం వేద్దామంటే అన్నిటికన్నా చిన్నదైన రోడ్ ఐలండ్ కాదంది. అక్కడితో ఆగిపోయింది. చివరికి ఫిలడెల్ఫియాలో తలుపులు మూసుకుని కూర్చున్నవాళ్ళు, తొమ్మిది ఒప్పుకుంటే చాలని రాసుకున్నారు. జనాభాను బట్టి ఓట్లు కావాలని పెద్ద రాష్ట్రాలు, అందరికీ సమానంగా కావాలని చిన్నవి పట్టుబడితే, ఒక్కో పద్ధతికి ఒకటి చొప్పున రెండు సభలు పెట్టి ఎలాగో గట్టెక్కారు.

అంతా చదివి కూడా మా ముసాయిదాలో సంఘం ఏర్పడాలంటే అయిదు ఊళ్ళూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలనే రాశాం. మన సంఘాల్లో పోటీ అంటే పరువు తక్కువ. ఇద్దరు నిలబడితే ఎవరింట్లోనో కాఫీకి పిలిచి ఒకరిని తప్పిస్తారు. ఏర్పడబోయే కౌన్సిల్‌లో ఓట్లు మాత్రం కుటుంబాల సంఖ్యను బట్టి పెట్టాం. రెండు సభల సంగతి నేను ఎత్తాను.

"అయిదు ఊళ్ళకి రెండు సభలా గురువుగారూ? మూడోది భోజనాల సభ పెడదాం," అన్నారు డాక్టర్‌గారు. ఆ నవ్వులో అది పోయింది.

ఇప్పుడు అయిదో చెయ్యి లేవకపోయేసరికి ఆయనే ఆవిడ వైపు తిరిగారు. "ఏమ్మా, ఇదంతా మీ కోసమే కదా."

"నా కోసం కాదండీ. నాది అయిపోయింది," అందావిడ. "రేపు మా ఊళ్ళో ఇంకొకరు పోతే, మీ కౌన్సిల్‌లో మీకు బోలెడు ఓట్లు, మాకు ఒక్కటి. మళ్ళీ ఫోన్ చేసి, మీరు డిసైడ్ చేసేదాకా వెయిట్ చేయాల్సిందే. అందరికీ సమానంగా ఊరికో ఓటు పెట్టండి, చెయ్యి ఎత్తుతాను."

గొంతులో కోపం లేదు. పెద్ద ఊరి తరఫున వచ్చినతను, అలా పెడితే తనవాళ్ళకు మొహం చూపించలేనన్నాడు. అప్పట్లో తొమ్మిది చాలన్నట్టే మనకూ నాలుగు చాలనుకుందామని ఇంకెవరో నెమ్మదిగా అన్నారు. ఎవరూ ఆవిడ వైపు చూడలేదు. కాసేపటికి డాక్టర్‌గారు భోజనాలకు లేవమన్నారు. ఆవిడ కూడా మాతోపాటే తిని, తను తెచ్చిన గిన్నె కడుక్కుని, కార్‌లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

రోడ్ ఐలండ్ దాదాపు మూడేళ్ళు బయటే ఉండి, చివరికి వచ్చి చేరింది. మేం ఆవిడను వదిలి నాలుగు ఊళ్ళుగా కలవనూ లేదు, ఊరికో ఓటు ఇవ్వనూ లేదు. సంఘాలు అయిదూ అయిదుగానే ఉన్నాయి. ఎవరైనా పోతే ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటాం. కమిటీలో పెట్టి చెబుతామంటాం.